రాళ్ళబావి దగ్గర ఒక ఎస్సు

తిరువూరులో ఇంగ్లీషు రాక చెడిపోయిన అర్జీలు లెక్కలేనన్ని ఉంటాయి. ఇంగ్లీషు మరీ శుద్ధంగా ఉండి చెడిపోయిన అర్జీ మాత్రం ఒక్కటే. దాన్ని చెడగొట్టింది జెరాక్స్ కొట్టు మెహనాజ్. ఆ మనిషి చెడ్డది కాదు, తెలివితక్కువదీ కాదు. అసలు చిక్కంతా ఆమె తెలివైనది కావడం వల్లే వచ్చింది.

తాలూకాఫీసు సందులో మూడో కొట్టు ఆమెది. పేరుకు జెరాక్స్ గానీ జనం వచ్చేది టైపింగు కోసం. కాయితం మీద ఎవరేం రాసుకొచ్చినా మెహనాజ్ ఉన్నదున్నట్టు కొట్టి చేతిలో పెట్టదు. చదువుతుంది, కళ్ళజోడు పైకి తోసుకుంటుంది, దిద్దుతుంది. బతికున్న తండ్రి పేరు ముందు 'లేట్' అని రాసుకొచ్చిన పెద్దమనిషిని ఆపి, "మీ నాన్నగారు బయట బల్ల మీద కూర్చుని సోడా తాగుతున్నారండి" అని గుర్తుచేసింది ఆమే. అప్పట్నుంచి ఆ సందులో ఆమె మాటకు తిరుగులేదు. మెహనాజ్ కొట్టులోంచి వచ్చిన కాయితంలో తప్పుండదని అందరూ అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమెకు కడుపు నిండిపోతుంది. మనిషన్నాక ఏదో ఒకదానికి మురవాలి కదా.

ఆమె ఇంగ్లీషుకు పునాది వేసింది వీరరాఘవయ్య మాస్టారు. ఆరో తరగతిలో ఆయన నేర్పిన మొదటి సూత్రం, హీ, షీ, ఇట్ వస్తే క్రియకు ఎస్ చేర్చాలని. ఎవరైనా ఆ ఎస్ మర్చిపోతే మాస్టారు కొట్టేవారు కాదు. బెంచీ ఎక్కించి, గంట కొట్టేదాకా 'స్‌స్‌స్' అంటూ నిలబడమనేవారు. మెహనాజ్ ఒక్కసారి ఎక్కింది. మధ్యాహ్నం బడిలో అందరూ నవ్వుతుంటే బుస కొడుతూ పావుగంట నిలబడింది. ఆ తర్వాత ఇప్పటిదాకా, అంటే ముప్పై నాలుగో ఏడు వచ్చేదాకా, ఆమె చేతిలోంచి ఒక్క ఎస్ కూడా జారిపోలేదు. "మిగతా సూత్రాలూ, వాటికి మినహాయింపులూ పదో తరగతిలో చెబుతాను" అనేవారు మాస్టారు. ఆమె తొమ్మిదిలో ఉండగానే ఆయనకు బదిలీ అయింది. మినహాయింపులు ఆయనతోపాటే వెళ్ళిపోయాయి.

ఇప్పుడు ఆయనకు డెబ్బై నాలుగు. రిటైరయ్యాక సొంతూరు రాళ్ళబావిలో ఉంటున్నారు. విస్సన్నపేట నుంచి తిరువూరు వచ్చే రోడ్డు మీద, రెండు మామిడితోటల మధ్య నలభై ఇళ్ళున్న ఊరది. రోజూ పొద్దున అక్కడి నుంచి తిరువూరు వచ్చి, మెహనాజ్ కొట్టుకు ఎదురుగా ఉన్న పిచ్చమ్మ బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిని, పేపరు చదివి వెళ్తారు. తమాషా ఏంటంటే పిచ్చమ్మదీ రాళ్ళబావే. మాస్టారి ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక్క గోడ. పక్కింట్లో రుబ్బిన పిండిని ఆయన పట్నం దాకా వచ్చి తినేవారు. ఇంట్లో కోడలు రాగిజావ తప్ప ఇంకేమీ పెట్టదు మరి.

పిచ్చమ్మ ఇడ్లీ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తప్పు. ఇంట్లో రోట్లో రుబ్బిన పిండి, అల్లం పచ్చడి, అంతే. ఇంకేం ఉండవు. బండీ, పొయ్యీ తిరువూరులోనే సురేష్ బాబు మందుల షాపు పక్కన గొలుసు వేసి ఉంటాయి. పిండి క్యానూ, పచ్చడి గిన్నే ఆమె ఊరి నుంచి తెచ్చుకుంటుంది. సురేష్ బాబు తొమ్మిదికి షాపు తెరుస్తాడు. ఆ లోపు అతని గుమ్మం ముందు బండి పెట్టుకోమన్నాడు, పాపం మంచివాడే. ఆరున్నర బస్సుకు రాళ్ళబావిలో ఎక్కితే, ఏడు కొట్టేసరికి మొదటి వాయి దిగేది. తొమ్మిదికల్లా క్యాన్ ఖాళీ అయ్యేది.

ఈ వేసవిలో బస్సు రూటు ఏదో మార్చారు. బస్సు అదే, టైమూ అదే, రాళ్ళబావిలో ఆగడం మాత్రం మానేసింది. అడిగితే, మీ స్టేజీ లిస్టులో లేదన్నారు. షేర్ ఆటోలు విస్సన్నపేటలో నిండితేగానీ కదలవు, రాళ్ళబావి చేరేసరికి పావు తక్కువ ఎనిమిది. పిచ్చమ్మ పొయ్యి వెలిగించేసరికి ఎనిమిదింబావు. మిగిలిన ముప్పావుగంటలో ఎన్ని ఇడ్లీలు దిగుతాయి, ఎన్ని అమ్ముడుపోతాయి. సగం పిండి పులిసిపోయి వెనక్కి వెళ్ళేది.

"శ్రావణం దాకా చూస్తానమ్మా" అంది పిచ్చమ్మ ఒకరోజు మెహనాజ్‌తో. "అప్పటికీ బస్సు ఆగకపోతే బండి తీసేత్తా. ఇరవై రెండేళ్ళు చేశా, ఇంక చాల్లే అనుకుంటా."

చాల్లే అన్న మనిషి కళ్ళల్లో చాలినట్టు లేదు. మెహనాజ్ ఆ పూట రెండో ఇడ్లీ ఆకులోనే వదిలేసింది.

రాళ్ళబావి వాళ్ళు అప్పటికి బస్సు డిపోకు తెలుగులో రెండుసార్లు అర్జీ పెట్టారు. దేనికీ జవాబు లేదు. అప్పుడు వీరరాఘవయ్య మాస్టారు రంగంలోకి దిగారు. ఈసారి ఇంగ్లీషులో పెడదాం, ఎందుకు పలకరో చూద్దాం అన్నారు. రెండు రోజులు కూర్చుని, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక కాయితం రాసి మెహనాజ్ కొట్టుకు తెచ్చారు. నాలుగే వాక్యాలు. మేము రాళ్ళబావి వాసులం. ఉదయం ఆరున్నర బస్సు మా ఊరి మీదుగా వెళ్తుంది. ఊళ్ళో అందరికీ దానితో అవసరం ఉంది. చివరి వాక్యం, 'వి ఇన్సిస్ట్ దట్ ది బస్ స్టాప్ ఎట్ రాళ్ళబావి.' అంతే, కింద సంతకాలు.

"చివర్లో 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని వెయ్యనా మాస్టారూ? అందరూ వేయించుకుంటారు" అంది మెహనాజ్.

మాస్టారు మొహం చిట్లించారు. "ఆ చెత్త నా కాయితంలో వద్దమ్మాయ్. నాలుగు వాక్యాల్లో చెప్పలేనిది ఐదో వాక్యంలో చెబుతామా?"

ఆయన ఇడ్లీలకు వెళ్ళాక మెహనాజ్ టైపు చెయ్యడానికి కూర్చుంది. చివరి వాక్యం దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి. 'ది బస్ స్టాప్.' బస్సంటే ఇట్. ఇట్ వస్తే ఎస్. మాస్టారి కాయితంలో ఎస్ లేదు. పైగా ఆ మాట కింద పెన్సిలుతో సన్నగా గీత కూడా ఉంది. అంటే ఆయనకే అనుమానం వచ్చి గీత పెట్టుకుని, దిద్దడం మర్చిపోయారన్నమాట. కంటికి ఆపరేషన్ అయిన మనిషి, వయసు మీద పడింది. ఊరందరినీ బుస కొట్టించిన మాస్టారే ఎస్ మర్చిపోయే రోజు వచ్చింది. ఈ సంగతి ఆయనకు చెబితే ఎంత చిన్నబోతారో. ఎవరికీ తెలియకుండా, గురువు పరువు కాపాడుతున్నానన్న తృప్తితో, మెహనాజ్ 'స్టాప్' పక్కన ఒక ఎస్ చేర్చింది.

మాస్టారు ప్రింటు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఒకసారి చూసుకోండి మాస్టారూ" అంటే, "నువ్వు కొట్టాక చూసేదేముందమ్మా" అన్నారు. ఊళ్ళో సంతకాలయ్యాక దాన్ని స్కాన్ చేసి, జవాబు రావడానికి తన ఫోన్ నంబరే ఇచ్చి, మెహనాజే ఆన్‌లైన్లో పంపింది. ఆ పూట పిచ్చమ్మ ఆమెకు ఆకులో రెండు ఇడ్లీలు ఎక్కువ పెట్టింది.

పదో రోజున జవాబు వచ్చింది. పై ఆఫీసులో ఎవరో ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి రాశాడు. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇంత. రాళ్ళబావిలో బస్సు ఆగుతోందని అర్జీదారులే గట్టిగా నొక్కి చెబుతున్నారు. ఆ విషయాన్ని సంతోషంతో గమనించడమైనది. ఫిర్యాదు ఏదీ లేనందున ఫైలు మూసివేయడమైనది.

మెహనాజ్ రెండుసార్లు చదివింది. మొదట ఆఫీసువాళ్ళ మీద కోపం వచ్చింది. ఆగుతున్న బస్సు ఆగుతోందని చెప్పడానికి నలభై మంది సంతకాలు పెడతారా, ఇంగితం ఉండక్కర్లేదా అనుకుంది. అలా అనుకుంటూనే మాస్టారి అసలు కాయితం ఫైల్లోంచి తీసింది. పెన్సిలు గీత కనబడింది. కిటికీ వెలుగులో పెట్టి చూస్తే, ఆ గీత చివర, మార్జిన్లో, చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్క కూడా ఉంది. 'ఎస్ వద్దు.'

ఆమె ఆ ముక్కను వేలితో తడిమి మళ్ళీ చదివింది. ఎందుకు వద్దో తెలియలేదు గానీ, వద్దన్నది తాను పెట్టిందని మాత్రం తెలిసింది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మెహనాజ్ మొగుడు బాబా ఆటో నడుపుతాడు. ఏ దారిలో అంటే, విస్సన్నపేట నుంచి తిరువూరు దారిలోనే. బస్సు ఆగడం మానేశాక రాళ్ళబావిలో అతని ఆటోకు జనం పెరిగారు. ఆ మధ్యాహ్నం అన్నానికి వచ్చిన బాబా, చెయ్యి కడుక్కుంటూ మామూలుగానే అన్నాడు.

"ఇయ్యాల రాళ్ళబావిలోనే ఐదుగురు ఎక్కారు. ముందు సీటులో మాస్టారు, ఎనక పిచ్చమ్మగారి క్యాను. ఆటో కిక్కిరిసిపోయిందనుకో."

ఆ మాటకు మెహనాజ్ చేతిలో గరిటె ఆగిపోయింది. అంతవరకూ ఆమెకు తట్టనే లేదు. ఈ ఎస్ సంగతి బయటపడితే జనం ఏమంటారు? మొగుడి ఆటో నిండాలని పెళ్ళాం అర్జీ తిప్పి రాసిందంటారు. మెహనాజ్ చేతి కాయితంలో తప్పుండదని అన్న నోళ్ళే, తప్పు కాదులే, కావాలని చేసిందంటాయి.

"ఏంటి, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు బాబా.

"ఏం లేదు, తినండి" అంది.

చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు. అసలు కాయితం తన దగ్గరే ఉంది. ప్రింటు ఆఫీసులో ఉంది. జవాబు తన ఫోన్లో ఉంది. 'మళ్ళీ తిరగ్గొట్టారు మాస్టారూ' అని ఒక్క మాట అంటే సరిపోతుంది, ఆఫీసులకు అలవాటే కాబట్టి అందరూ నమ్ముతారు. రెండు రోజులు మెహనాజ్ ఆ ఒక్క మాట నోటిదాకా తెచ్చుకోవడం, మింగడం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కొట్టు ముందు ఎవరు 'బస్సు' అన్నా ఉలిక్కిపడేది. ఫోన్లో జవాబు వచ్చిందా అని మాస్టారు అడిగితే, సిగ్నల్ సరిగా లేదంది. అబద్ధం ఆడినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

మూడో రోజు ఎనిమిదిన్నరకు పిచ్చమ్మ కొట్టులోకి వచ్చింది. పొయ్యి ఇంకా రాజుకోలేదు. చేతిలో ఒక పాత ఇడ్లీ పాత్ర ఉంది, లోపల రేకులన్నీ తోమి తళతళలాడుతున్నాయి.

"ఇది నువ్వు ఉంచుకో తల్లీ. నీకు నా ఇడ్లీ ఇష్టంగా. ఎలా రుబ్బాలో చెబుతా. బండి తీసేశాక నాకెందుకిది."

అంతే, మెహనాజ్‌కు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. పిచ్చమ్మ చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ మాస్టారు స్టూలు మీద కూర్చుని మొదటి వాయి కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ముందు అసలు కాయితం, ఫోనూ రెండూ పెట్టింది.

"మాస్టారూ, తప్పు నాదండి. మీరు ఎస్ వద్దంటే నేను పెట్టాను. మీరు మర్చిపోయారనుకున్నాను. ఆటో కోసం మాత్రం కాదు మాస్టారూ, అల్లా తోడు. ఆ సంగతి నాకు ఆ తర్వాతెప్పుడో తట్టింది."

మాస్టారు జవాబు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారేమోనని మెహనాజ్ హడలిపోయింది. నవ్వుతున్నారాయన, శబ్దం లేకుండా, ఊపిరాడకుండా.

"సంతోషంతో గమనించడమైనది" అని తెలుగులో పైకి చెప్పి, మళ్ళీ నవ్వారు. "నా సర్వీసు మొత్తంలో ఇంత బాగా ఇంగ్లీషు చదివిన వాణ్ణి చూళ్ళేదమ్మాయ్. వాడు రాసింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు."

"ఒక్క అక్షరానికి బస్సు ఆగకుండా పోద్దా మాస్టారుగారూ?" అంది పిచ్చమ్మ. ఆమెకు ఇంకా సంగతి తలకెక్కలేదు.

"పోయింది కదమ్మా. విను మరి. తెలుగులో బస్సు ఆగుతుంది అనడం వేరు, ఆగాలి అనడం వేరు. అవునా? ఇంగ్లీషులో ఈ వాక్యంలో ఆ తేడా మొత్తం ఒక్క ఎస్ మీద నిలబడుద్ది. ఎస్ ఉంటే ఆగుతోందని. ఎస్ లేకపోతే ఆగాలని. జరిగేది చెప్పేటప్పుడు ఎస్, జరగాలని అడిగేటప్పుడు ఉత్త క్రియ. దీన్ని సబ్జంక్టివ్ అంటారు."

"సబ్ జంక్షనా? అక్కడా ఆగదేంటి బస్సు?"

మెహనాజ్ ఏడుస్తూనే నవ్వింది. మాస్టారు నవ్వలేదు. పాఠం చెప్పేటప్పుడు ఆయన నవ్వరు.

"పిచ్చమ్మా, సందెవేళ చెడ్డమాట అనకూడదంటారు, ఎందుకు?"

"తథాస్తు దేవతలుంటారని. ఏదంటే దానికి తథాస్తు అంటారంట."

"అదే ఇదీ. ఎస్ లేని మాట తథాస్తు దేవతల కోసం అనే మాట. ఇంకా జరగలేదు, వాళ్ళు అంటే జరుగుద్ది."

మెహనాజ్ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె బుర్ర అప్పటికే పని మొదలుపెట్టింది. "అంటే, దువా చేశాక మేం ఆమీన్ అంటాం చూడండి, అలాగా మాస్టారూ? బస్సు ఆగుతోంది అన్నామనుకోండి, దానికి ఆమీన్ అంటే అర్థం లేదు. బస్సు ఆగాలి అంటే ఆమీన్ అతుకుద్ది. ఆమీన్ అతికితే ఎస్ తీసెయ్యాలి."

మాస్టారు ఆమె వైపు స్టూలు తిప్పుకున్నారు. "ముప్పై ఎనిమిదేళ్ళు చెప్పాను. నాకు ఇంత తేలిగ్గా చెప్పడం చేతకాలేదు" అన్నారు.

"మరి మొన్న ఒక బడిపిల్ల వ్యాసంలో, నేను పక్షినైతే అని, 'ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్' అని ఉంది. నేను 'వాజ్' అని దిద్దాను."

"వాళ్ళమ్మకు ఫోన్ చేసి మార్చు. అదీ ఈ కుటుంబమే. ఆ పిల్ల పక్షి కాదుగా."

అప్పుడు మెహనాజ్ అసలు భయం మళ్ళీ బయటపెట్టింది. ఆటో సంగతి. మాస్టారు ఏదో చెప్పబోయేలోగా పిచ్చమ్మ అందుకుంది. ఆమెకు వ్యాకరణం తెలియకపోవచ్చు గానీ మనుషులు తెలుసు.

"ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు. బాబాకి ఆటో నిండటమే కావాలంటే, నా క్యాను పెట్టే చోట ఇంకో మనిషిని కూర్చోబెట్టుకోడా? నాలుగు నెలలుగా ఆ క్యానుని ఒళ్ళో బిడ్డలా పట్టుకురమ్మంటాడు, పిండి ఒలికితే ఊరుకోడు. నీ మొగుడి గురించి నాకు నువ్వు చెప్పేదేంటి."

"తప్పు నీదొక్కదానిదే కాదమ్మాయ్" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో ఈసారి నవ్వు లేదు. "తిలా పాపం తలా పిడికెడు. ఎస్ పెట్టమని బెంచీలెక్కించింది నేను. ఎప్పుడు పెట్టకూడదో చెప్పకుండా బదిలీ మీద పోయిందీ నేనే. ప్రింటు చదవకుండా జేబులో పెట్టుకున్నాను. పైగా నువ్వు నీడ్‌ఫుల్ వేస్తానంటే వద్దన్నాను. ఆ చెత్త వాక్యం ఒక్కటి ఉంటే, వీళ్ళకేదో కావాలని వాడికి తెలిసేది. నాకు నా ఇంగ్లీషు ముఖ్యమైంది, పిచ్చమ్మకు బస్సు ముఖ్యం."

మొదటి వాయి దిగింది. ముగ్గురూ తిన్నారు. మెహనాజ్ ఆరు తింది. మూడు రోజుల ఆకలి మరి.

ఆ పూటే రెండో ఇంగ్లీషు అర్జీ తయారైంది. మాస్టారు చెప్పారు, మెహనాజ్ కొట్టింది. 'స్టాప్' పక్కన కంప్యూటరు నీలం గీత పెట్టి, ఎస్ చేర్చమని సలహా ఇచ్చింది. "నువ్వూ ఆరో తరగతే" అని మెహనాజ్ దాని నోరు మూసింది. చివర్లో 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని మాస్టారే స్వయంగా చెప్పారు. చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టి చెప్పారు గానీ, చెప్పారు. ఈసారి ప్రింటు చదివారు, రెండుసార్లు. దాని కింద మెహనాజ్ అడిగి మరీ తెలుగులో ఒక వరస చేర్చింది. 'అయ్యా, బస్సు ఆగడం లేదు. ఆగాలి.' మాస్టారు అడ్డు చెప్పలేదు.

రాత్రి అన్నాలప్పుడు బాబాకు మొత్తం చెప్పింది. అతను నమిలేది ఆపి విన్నాడు. "అయితే బస్సు ఆగితే మన ఆటోలో ఐదుగురు తగ్గుతారు" అన్నాడు.

"తగ్గుతారు."

"తగ్గనీ. ఆ క్యానుని పెట్టుకుని గతుకుల్లో తోలలేక నా ప్రాణం పోతోంది" అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. మెహనాజ్ అతని పళ్ళెంలో ఇంకో చేప ముక్క వేసింది. అడక్కుండా వేసింది.

శ్రావణం ఇంకా నాలుగు రోజుల్లో పెడుతుందనగా జవాబు వచ్చింది. మెహనాజ్ కొట్టులో జనాన్ని వదిలేసి బండి దగ్గరికి పరుగెత్తింది. ఉత్తర్వు ఒకటే వాక్యం. రాళ్ళబావి దగ్గర ఉదయం బస్సు ఆగవలెనని ఆదేశించడమైనది. ఇంగ్లీషులో 'దట్ ది బస్ స్టాప్.' ఎస్ లేదు. ఆ లేని ఎస్ చూస్తే ఆమెకు ముచ్చటేసింది.

"ఆమీన్" అంది పైకే.

"తథాస్తు" అంది పిచ్చమ్మ.

మాస్టారు మాత్రం తొందరపడలేదు. "ఇందులోనూ ఎస్ లేదు చూశావా. అంటే ఆర్డరు వేసినవాడికి కూడా అది ఇంకా కోరికే. బస్సు ఆగాలన్నాడు, ఆగుద్దని చెప్పలేదు. రేపు పొద్దున చూద్దాం" అన్నారు.

మర్నాడు ఆరు కొట్టకముందే మెహనాజ్ బాబా ఆటోలో రాళ్ళబావి చేరింది. మబ్బు పట్టి ఉంది. స్టేజీలో పిచ్చమ్మ, పక్కన క్యాను, గిన్నె. ఇస్త్రీ చొక్కా వేసుకుని మాస్టారు. ఊళ్ళోవాళ్ళు ఇంకో ఆరేడుగురు. పిచ్చమ్మ కొంగు చివర ముడి వేస్తోంది, విప్పుతోంది. ఇరవై రెండేళ్ళ పని ఆ రోడ్డు మలుపు మీద ఆధారపడి ఉందని అందరికీ తెలుసు.

ఆరున్నర దాటి రెండు నిమిషాలకు మామిడితోట వెనక నుంచి హారన్ వినబడింది. బస్సు మలుపు తిరిగింది. వేగం తగ్గినట్టు లేదు. మెహనాజ్ పెదవులు వాటంతటవే కదులుతున్నాయి, ఏ భాషలోనో ఆమెకే తెలియదు. చెయ్యెత్తమని ఎవరో అన్నారు. అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆటో సీట్లోంచి దిగిన బాబా.

బస్సు వాళ్ళ ముందు ఒక్క కుదుపుతో నిలబడింది. కింద గాలి బ్రేకు 'స్‌స్‌స్' మని పొడుగ్గా బుస కొట్టింది. బెంచీ ఎక్కిన ఆరో తరగతి పిల్ల కూడా అంత పొడుగ్గా కొట్టి ఉండదు.

బాబా క్యాను ఎత్తి మెట్టు మీద పెట్టాడు. పిచ్చమ్మ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, క్యాను ఒళ్ళోకి తీసుకుంది. మెహనాజ్ వంక చూసి తల ఊపింది, అంతే.

మాస్టారు ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగారు.

"విన్నావా అమ్మాయ్, ఎస్సు అదే పెట్టుకుంది. ఇప్పుడు చెప్పు చూద్దాం. ది బస్?"

"స్టాప్స్, మాస్టారూ" అంది మెహనాజ్.